గొంగళిపురుగుకు దండం పెట్టిన పెళ్లివారు

ఆ రోజుల్లో పెళ్లిబట్టలు కొనడమంటే ఒక పూట పని కాదు, ఒక రోజు పని. ఇప్పుడు ఆడపిల్లలు మెట్రోలో నిలబడే ఫోన్ మీద వేలితో నాలుగు తోపులు తోసి చీర కొనేస్తున్నారు, నచ్చకపోతే తిప్పి పంపేస్తున్నారు. (తిప్పి పంపే సదుపాయం అప్పట్లో సేల్స్‌మన్లకు కూడా ఉండి ఉంటే మా బావ నన్ను మొదటి వారంలోనే ఊరికి తిప్పి పంపేవాడు.) మెట్రో అంటే గుర్తొచ్చింది, నేను చెప్పే కాలానికి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద రైలు లేదు, స్తంభాలు మాత్రం లేస్తున్నాయి. ఆ దుమ్ముకు మా షాపు బయట బొమ్మకు కట్టిన తెల్లచీర మధ్యాహ్నానికి గంధం రంగులోకి, సాయంత్రానికి ఇటుక రంగులోకి తిరిగేది. ఒకే చీరలో మూడు రంగులు చూపించిన ఘనత మనదే బావా అని నేననేవాణ్ణి. మా బావ నవ్వేవాడు కాదు.

మా బావ ఎందుకూ నవ్వడు. అక్కను పెళ్లి చేసుకున్న రోజు తీసిన ఫోటోలో కూడా కరెంటు బిల్లు చూస్తున్నవాడిలాగే ఉంటాడు. మాట కూడా బంగారం తూచినట్టు తూచి వదులుతాడు కాబట్టి చాటుగా ఆయనకు తక్కెడ బావ అని పేరు పెట్టాను. అలాంటి మనిషి షాపులో నాలాంటివాడు సేల్స్‌మన్‌గా ఎట్లా చేరాడంటే, దానికి కారణం మా అక్క కన్నీళ్లు. మాది పోచంపల్లి పక్క ఊరు. తొమ్మిదో తరగతిలో ఉండగా నాకూ బడికీ పడక, పెద్దల సమక్షంలో విడిపోయాం. లెక్కల సారు "నీకు నోరు తప్ప ఇంకేమన్నా ఉందారా?" అని అడిగితే "ఆకలి ఉంది సార్" అన్నాను. అదే నా టీసీ. తర్వాత మా నాన్న నన్ను మగ్గం పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆయన మౌనంగా పోగులు లెక్కపెట్టుకుంటూ నేసేవాడు, నేను పక్కన కబుర్లు చెప్పేవాణ్ణి. లెక్క తప్పేది. చిలక రావాల్సిన చోట ముక్కు లేని కోడి వచ్చేది. అట్లాంటి కోళ్లు ఓ చీరంతా అయ్యాక మా నాన్న అక్కకు ఫోన్ చేసి, "వీణ్ణి పట్నం తీస్కపో బిడ్డా, లేకపోతే నేనన్న పోత" అన్నాడు.

అట్లా నేను పట్నం వచ్చాను. మూడు రోజుల్లో తేలింది ఏమిటంటే, నాకు చీర మడత పెట్టడం రాదు, ధర గుర్తుండదు, కానీ ఏడుస్తున్న పిల్లను నవ్వించడం వచ్చు, విసుక్కుంటున్న మగవాణ్ణి కూర్చోబెట్టడం వచ్చు. మీరు చీరల షాపుకు శత్రువు పక్క షాపువాడు అనుకుంటారేమో. కాదు. పెళ్లివారితో పాటు వచ్చే మగవాళ్లూ పిల్లలూ అసలు శత్రువులు. మగవాడికి మొదటి చీర బాగుంటుంది. రెండోదీ బాగుంటుంది. మూడోది విప్పేసరికి "అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయ్, తీస్కోన్రి పోదాం" అంటాడు. ఆ ఒక్క మాటతో పది చీరల బేరం రెండు చీరలకు దిగుతుంది. కాబట్టి పెళ్లిళ్ల సీజన్లో పెద్ద పార్టీ రాగానే వాళ్లలోని మగవాళ్లనూ పిల్లలనూ మర్యాదగా బయటికి తప్పించడం మా షాపులో ఒక పద్ధతి. చిన్న పార్టీ అయితే చాయ్, మిర్చి బజ్జీ. మధ్యరకం అయితే కొత్తపేట దాకా నడిపించి చెరుకురసం. పెద్ద పార్టీ అయితే సినిమా, ఖర్చు షాపుది. ఈ డిపార్టుమెంటుకు నేనే హెడ్డు, నేనే స్టాఫు. సినిమాలు చూసి జీతం తీసుకునే ఉద్యోగం చదువుకున్నవాడికి ఎవడికైనా దొరికిందా చెప్పండి.

కానీ ఆ వేసవిలో నా కుర్చీ కింద మంట రాజుకుని ఉంది. అంతకు ముందు వారమే ఒకామె ఆకుపచ్చ చీర భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటూ "తమ్మీ, గీ రంగు నాకు మంచిగుంటదా?" అంటే, "రంగు మంచిదే అక్కా, పాపం దానికి మీరు మంచిగుంటరా అని చూస్తున్న" అన్నాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. ఆమె, ఆమె వెంట వచ్చిన ఆటో మొత్తం లేచిపోయింది. ఆ సాయంత్రం బావ నన్ను షట్టర్ పక్కకు పిలిచి తూచి తూచి చెప్పాడు. "ఇగ చూడు. ఇంకొక్క పార్టీ నీ నోటితోని లేచిపోయిందనుకో, అదే సాయంత్రం నిన్ను బస్సెక్కిస్త. పోయి మీ నాయిన పక్కన మగ్గం గుంటల కూసో. మీ అక్క ఏడ్చినా సరే." బావ అంత పొడవు మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు కాబట్టి నమ్మాను. నాకు మగ్గమంటే చిన్నచూపు లేదు. నోరు మూసుకుని బతకాలంటేనే భయం. పైగా దిల్‌సుఖ్‌నగర్ రుచి మరిగాక ఎవడు పోతాడు?

ఆ తర్వాత వచ్చిన మొదటి పెద్ద పార్టీయే ఇది. రెండు వైపుల వాళ్లూ కలిసి వచ్చారు. పెళ్లికూతురు తల్లి నల్గొండ వైపు మనిషి, గొంతు రోడ్డు దాకా వినిపిస్తుంది. పెళ్లికొడుకు తల్లి ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఎల్బీనగర్ దాటాక ఇల్లు కట్టుకున్న మనిషి, మాట చివర "అండీ" లేకుండా ఊపిరి కూడా వదలదు. పిల్లా పిల్లాడూ ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఒకరినొకరు చూసుకున్నారట, పెద్దవాళ్లు ఇంకా చూసుకునే దశలోనే ఉన్నారు. అంచేత ఇద్దరు తల్లులూ ఒకరి ముందు ఒకరు తగ్గకూడదని పట్టుదలగా ఉన్నారు. "గిదేంది, గింత పల్చగున్నది? బరువుది తియ్యి" అని ఈమె. "అంతకన్నా పెద్ద అంచు ఉంటే చూడండీ" అని ఆమె. పెళ్లికూతురు మధ్యలో కూర్చుని ఏ చీర చూపించినా "మీ ఇష్టం" అంటోంది. ఆ అమ్మాయి కళ్లు మాత్రం మాటిమాటికీ మూల అరలోకి పోతున్నాయి. నేను గమనించాను గానీ, బావ హెచ్చరిక విన్నప్పటి నుంచి చీరల గురించి నోరెత్తనని ఒట్టు పెట్టుకుని ఉన్నాను.

వాళ్లలో తప్పించాల్సిన సరుకు రెండే శాల్తీలు. ఒకరు పెళ్లికూతురు తాత, బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. ఆయన చీర విప్పినప్పుడల్లా "రైట్, రైట్, పోనియ్!" అంటున్నాడు. రెండోది పెళ్లికూతురు అక్క బిడ్డ, ముందు పళ్లు రెండు ఊడిన ఏడేళ్ల పిల్ల. వచ్చీ రాగానే నన్ను "అన్నా, మీ బొమ్మకు తల ఎందుకు లేదు?" అని అడిగింది. "చీర ధర విని ఎగిరిపోయింది" అన్నాను. "మరి చేతులెందుకు ఎగిరిపోలే?" అంది. అప్పుడే ఆ పిల్లకు లాయరమ్మ అని పేరు పెట్టేశాను. బావ నా వైపు చూసి కనుబొమ్మ లేపాడు. మా షాపు భాషలో దానర్థం, పెద్ద సినిమా, ఎంత పొడుగుదైతే అంత మంచిది.

ముగ్గురం ఆటో ఎక్కి ఎల్బీనగర్ పోయాం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ అప్పుడింకా అక్కడే ఉండేది, మామిడిపండ్ల కాలం, ఆటో నిండా ఈగలూ వాసనా ఎక్కాయి. తాత ఈగల్ని దస్తీతో కొడుతూనే వచ్చాడు. థియేటర్ దగ్గర పెద్ద హీరో సినిమాకు హౌస్‌ఫుల్ బోర్డు. పక్క తెర మీద తెలుగులోకి మార్చిన బొమ్మల సినిమా, పోస్టరు మీద ఒక చీమ, ఒక లావు ఆకుపచ్చ గొంగళిపురుగు భుజాల మీద చేతులేసుకుని ఉన్నాయి. (గొంగళిపురుగుకు భుజాలేమిటని అడక్కండి, బొమ్మల సినిమాలో అన్నీ ఉంటాయి.) లాయరమ్మ "గిదే!" అని నేల మీద కాలు కొట్టింది. తాత "పురుగుల సిన్మకు పైసలు పెట్టి పోతరా? మా ఇంట్లకొచ్చి చూడున్రి, ఫ్రీగ చూపిస్త" అన్నాడు. నేను ఆలోచించాను. తాగుడు లేదు, తన్నుకోవడం లేదు, పిల్లకు తగని పాట లేదు. పురుగుల సినిమా చూస్తే ఎవరికి నష్టం?

ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పుకోవాలి. మా తాత పట్టు నేశాడు, మా నాన్న పట్టూ నూలూ రెండూ నేశాడు, నేను పట్టు అమ్ముతున్నాను. మూడు తరాలుగా పట్టే అన్నం పెట్టింది. కానీ మా ఇంట్లో ఎవరమూ ఒక్క పట్టుపురుగును కూడా కళ్లతో చూడలేదు. మాకు పట్టు అంటే బెంగళూరు నుంచి మూటల్లో దిగే దారం. దానికి ముందు అది ఏమిటో, ఎవరిదో ఆలోచించే పని పడలేదు. వేరే ఏ షాపువాడు చేసినా పొరపాటు కాదు ఇది. చెప్పుల షాపువాడు వచ్చినా, ఐస్‌క్రీం బండివాడు వచ్చినా హాయిగా చూసి పోయేవాడు. పెళ్లి పట్టుచీరలు కొనడానికి వచ్చిన కుటుంబాన్ని తీసుకుపోయి గొంగళిపురుగు హీరోగా ఉన్న సినిమాలో కూర్చోబెట్టిన మొనగాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను.

సినిమా మొదలైంది. చీమలన్నీ మన పాత పౌరాణికాల్లోలాగా "మిత్రమా, ఆహార సేకరణకు వేళయినది" అని మాట్లాడుతుంటే తాత "చీమలు మస్తు సదువుకున్నయి" అన్నాడు. కథేమిటంటే, ఆ లావు గొంగళిని అందరూ వెక్కిరిస్తారు. తిండిపోతు అంటారు, పనిదొంగ అంటారు. ఒక్క చిన్న చీమ మాత్రం తన వంతు ఆకుముక్క తెచ్చి పెడుతుంది. ఎందుకు పెడుతున్నావని రాణిచీమ నిలదీస్తే, "వాడికి ఆకలి మహారాణీ, అంతకన్నా కారణం కావాలా?" అంటుంది. ఆకలి గురించి నేను లెక్కల సారుకు చెప్పిన జవాబు కన్నా అది మెరుగ్గా ఉండటంతో నేను కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాను. తర్వాత వానాకాలం. గొంగళి తన చుట్టూ తానే దారం చుట్టుకుని గూడులోకి పోతుంది. చచ్చిపోయింది, వదిలెయ్ అంటారంతా. చిన్న చీమ వదలదు. వానలో ఆకు గొడుగు పట్టుకుని ఆ గూటి దగ్గరే కాపలా ఉంటుంది. ఒక పక్షి వచ్చి గూటిని పొడవబోయింది. అప్పుడు హాలంతా అదిరేట్టు మా పక్క సీట్లోంచి "హోల్డాన్! హోల్డా...న్!" అని కేక. కండక్టర్ తాత లేచి నిలబడి, లేని బస్సు రేకును చేత్తో దబదబా కొడుతున్నాడు. ముందు వరసలో ఉన్న పిల్లలంతా వెనక్కి తిరిగి, తర్వాత ఒక్కసారిగా "హోల్డాన్" అని అందుకున్నారు. పక్షి పోయింది. తాత కూర్చుని, "జర్రైతే పోతుండె" అని దస్తీతో మొహం తుడుచుకున్నాడు. ఈగల్ని కొట్టిన దస్తీయే.

గూడు చీలి రెక్కలు బయటికొచ్చినప్పుడు, రెక్కలొచ్చిన గొంగళి వరదలో కొట్టుకుపోతున్న చీమను కాళ్లతో పట్టి పైకి లేపినప్పుడు నా సంగతి చెప్పను. చెప్పకపోయినా లాయరమ్మ చెప్పింది. "తాతా, అన్న ఏడుస్తుండు." "ఏడ్వట్లే, ఏసీ కండ్లల్ల కొడ్తున్నది" అన్నాను. "ఏసీ నీ ఒక్కని కండ్లల్లనే కొడ్తదా?" అంది. తాత మళ్లీ దస్తీ తీశాడు, ఏసీ ఆయన్నీ కొడుతున్నట్టుంది.

బయటికొచ్చేసరికి సాయంత్రపు ఎండ. నాదర్‌గుల్ వైపు నుంచి పైలట్లకు నేర్పే చిన్న విమానం ఒకటి బుర్రుమంటూ పోతోంది. "అగో, గొంగళి!" అని లాయరమ్మ చేయి ఊపింది. తిరుగు ఆటోలో పండ్ల మార్కెట్ దగ్గర మళ్లీ ఈగలు ఎక్కాయి. ఈసారి తాత వాటిని కొట్టలేదు, "దిగుండ్రి బిడ్డా, దిగుండ్రి, స్టేజొచ్చింది" అని చేత్తో మెల్లగా సాగనంపాడు. నా పని ఘనంగా ముగిసిందని సంతోషంలో ఉండగా లాయరమ్మ అడిగింది. "అన్నా, గొంగళి చుట్టుకున్న దారం మస్తు మెరుస్తుండె గదా. అసుంటి దారమే మీ చీరలల్ల ఉన్నది. గది ఏడికెల్లి ఒస్తది?" సేల్స్‌మన్ నోరు ఎట్లాంటిదంటే, చీర గురించి ఎవరడిగినా దానంతటదే పాట అందుకుంటుంది. "అది అసలైన పట్టు పాపా, పట్టుపురుగు తన చుట్టూ చుట్టుకున్న గూటి నుంచి తీసిన..." అని, ఆ రాగం మీదనే ఆగిపోయాను. ఆటో పోతూనే ఉంది. తాత నన్ను చూశాడు. నేను రోడ్డును చూశాను. లాయరమ్మ ఎవరినీ చూడలేదు, పళ్లు ఊడిన చోట నాలుక పెట్టి ఆలోచిస్తోంది. ఆ ఆలోచన చూస్తే నాకు మా ఊరి బస్సు బోర్డు కనిపించింది.

షాపులోకి వెళ్లేసరికి బేరం పండి ఉంది. చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలతో సహా పట్టుచీరల గుట్ట ఒకటి పెళ్లికూతురు ముందు లేచింది. గుట్ట వెనక ఆ అమ్మాయి నుదురు మాత్రమే కనిపిస్తోంది. ఇద్దరు తల్లులూ అలసిపోయి, చెమటలు కారుస్తూ, ఇంకా ఒకరి ముందు ఒకరు నవ్వుతున్నారు. మా బావ ప్యాకింగ్ కవర్లు తీస్తున్నాడు. సరిగ్గా అప్పుడు లాయరమ్మ చెప్పులు విప్పి, పరుపెక్కి, గుట్టకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

"అమ్మమ్మా, గివి కొనొద్దు. గీటిల గొంగళి ఉండె."

"ఏందే?" అని ఉలిక్కిపడి చీర దులిపింది పెళ్లికూతురు తల్లి. "పురుగు పట్టిన చీరలు ఇస్తున్నరా మాకు? ఏమయ్యా సేటూ!"

"లేదమ్మా, మా దగ్గర పురుగులుండయ్" అన్నాడు బావ, నా వైపు చూస్తూ. ఆ చూపులో బస్సు టైము ఉంది.

"అట్ల కాదు. పురుగు ఇల్లు కట్టుకుంటే గుంజుకొని చీర చేసిన్రు. అన్నే చెప్పిండు" అని లాయరమ్మ నన్ను వేలెత్తి చూపించింది. తర్వాత తాతను సాక్షిగా పిలిచింది. తాత ముందుకొచ్చి, సినిమా కథ చీమ దగ్గర్నుంచి వరద దాకా చెప్పాడు. హోల్డాన్ దగ్గర ఆగి మళ్లీ ఒకసారి రేకు కొట్టి చూపించాడు. పెళ్లికూతురు తల్లి తల కొట్టుకోవడానికి గోడ వెతుక్కుంటోంది. "అయ్యో, నిన్ను ఎవడు పొమ్మన్నడు నాయినా సిన్మకు! వదినా, మీరేమనుకోకున్రి, మా ముసలోనికి జర..." "అయ్యో, పర్లేదండీ" అని పెళ్లికొడుకు తల్లి.

నేను నాకొచ్చిన విద్యలన్నీ తీశాను. ఈ పురుగులు కిరాయికి ఉంటాయనీ, ఖాళీ చేసి పోయాకే గూడు తీసుకుంటామనీ అన్నాను. "రెక్కలొచ్చి ఎగిరిపోయినయా?" అంది. ఎగిరిపోయాయన్నాను. "ఎగిరిపోతే గూడు చిరిగిపోతది గదా. సిన్మల చిరిగింది. చిరిగిన దారంతోని గింత పొడుగు చీర ఎట్లొస్తది?" నేను పక్కనున్న చీర అందుకుని మడత పెట్టసాగాను. జీవితంలో అది మొదటిసారి. లాయరమ్మ దగ్గరికొచ్చి నా చొక్కా పట్టుకుని, ఇందాకటి లాయరు గొంతుతో కాదు, చిన్నపిల్ల గొంతుతో అడిగింది. "అన్నా, నువ్వు సిన్మల ఏడ్చినవ్ గదా. అబద్ధం చెప్పకు. లోపల పురుగు ఉన్నప్పుడే తీస్తరా?"

బావ దగ్గాడు. ఒక్క "లేదు" చాలు, పిల్లను ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు, చీరలు ప్యాకవుతాయి, నేను మర్నాడు కూడా మిర్చి బజ్జీ తింటాను. కానీ ఆ దిక్కుమాలిన చీమ ఆకు గొడుగు పట్టుకుని ఇంకా నా కళ్ల ముందే వానలో నిలబడి ఉంది. "అవును పాపా" అన్నాను. "మసిలే నీళ్లల్ల ఏస్తరంట. నేను చూడలే. మా నాయిన కూడ చూడలే. గిప్పటిదాంక అనుకోనన్న అనుకోలే."

పెళ్లికూతురు తల్లి లేస్తుందని, వెనకాల అందరూ లేస్తారని, నా పెట్టెలో రెండు జతల బట్టలే కదా, సర్దడం ఎంతసేపనీ అనుకుంటున్నాను. గుట్ట వెనకనుంచి మెల్లగా ఒక గొంతు వచ్చింది. "అమ్మా, నాకు గా మూలకున్నది కావాలె." ఆ రోజంతా "మీ ఇష్టం" తప్ప ఏమీ అనని పెళ్లికూతురు. "ఏది?" "గా నీలం నూలు చీర. పొద్దటిసంది చూస్తున్న. మీరు చూస్తలేరు."

"నూలు చీరనా! పెండ్లికా!" అని తల్లి గుండె మీద చేయి వేసుకుంది. "అత్తగారి ముంగట నా ఇజ్జత్ తీస్తున్నవేందే! వాళ్లేమనుకుంటరు?"

అప్పుడు పెళ్లికొడుకు తల్లి కొంగుతో మెడ తుడుచుకుని, ఒకసారి అటూ ఇటూ చూసి, రహస్యం చెబుతున్నట్టు అంది. "వదినగారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాట చెప్తానండీ. నాకు పట్టు కడితే ఒళ్లంతా మంటెత్తిపోద్దండీ. మీరు పెద్ద పెద్దవి తీస్తుంటే, నేను చిన్నది తీస్తే మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నానండీ. మా ఇళ్లల్లో అయితే తలంబ్రాలకి కట్టేది నూలు చీరేనండీ."

పెళ్లికూతురు తల్లి ఒళ్లోని బరువు చీరను పక్కకు తోసేసింది. "వదినా! మాక్కూడ గంతే! నేను మీ కోసమే గీ బరువులన్నీ మోస్తున్న! నా నడుము పడిపోయింది వదినా!" ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, పొద్దుటి నుంచీ మొదటిసారి నిజంగా నవ్వారు. ఎంత నవ్వారంటే పక్క షాపువాళ్లు తొంగిచూశారు. తాత వెంటనే గట్టిగా "రైట్, రైట్!" అన్నాడు.

ఆ తర్వాత మూల అరలోని నూలు చీరలన్నీ పరుపు మీదికొచ్చాయి. మా నాన్నలాంటి వాళ్లు పోగు పోగూ ముడేసి, రంగులో ముంచి, నేసినవి. ఇన్నాళ్లూ అడిగేవాళ్లు లేక మూలకు పడినవి. పెట్టుబడి చీరలన్నీ అవే తీశారు. ఒక్క పట్టుచీర మాత్రం పెళ్లికూతురు తల్లి వదల్లేదు. "ఒక్కటన్న లేకపోతే మా ఆడబిడ్డలు నన్ను బతకనియ్యరు." అందరూ లాయరమ్మ వైపు తిరిగారు. ఆ పిల్ల నాలుక పళ్ల సందులో పెట్టి ఆలోచించి తీర్పు చెప్పింది. అది ఇప్పటికే చీర అయిపోయింది కాబట్టి కొనుక్కోవచ్చు. కానీ కొనే ముందు అందరూ పురుగుకు దండం పెట్టి, మంచిగా చెప్పాలి.

పెళ్లికూతురు ఆ మెరూన్ చీర కళ్లకద్దుకుని "మాఫ్ చెయ్" అంది. తల్లి అద్దుకుంది. పెళ్లికొడుకు తల్లి "ఏమనుకోవద్దమ్మా, చల్లగా ఉండు" అంది. (ఎవరు చల్లగా ఉండాలో నాకు తెలియలేదు గానీ మనసు మంచిది.) తాత దాని మీద చేయి వేసి "పైలంగ పో బిడ్డా" అన్నాడు, ఆఖరి బస్సు ఎక్కిస్తున్నట్టు. నేను అద్దుకున్నాను. చీర చివరికి మా బావ చేతికి వచ్చింది. బావ వీధివైపు చూశాడు, క్యాష్ బల్ల మీది దేవుడి పటం వైపు చూశాడు, నా వైపు చూశాడు. తక్కెడ అటూ ఇటూ ఊగింది. చివరికి చీర కళ్లకద్దుకుని, మాకెవరికీ వినిపించకుండా ఏదో గొణిగాడు. లాయరమ్మ "వినవడలే" అంది. "షుక్రియా పురుగన్నా" అన్నాడు మా బావ, పూర్తి గొంతుతో. ఆయన మొహం మీద ఒక కండరం కదిలింది. నవ్వో, పంటినొప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.

పెళ్లివారు వెళ్లాక నేను వెనక గదిలోకి పోయి బట్టలు సర్దుకుంటున్నాను. బేరం లేచిపోలేదు నిజమే, కానీ పట్టుగుట్ట మట్టి అయింది కదా. బావ గుమ్మంలో నిలబడి చూశాడు. "ఏంది, ఏడికి?" "ఊరికి. బస్సు..." "రేపు జల్ది రా" అన్నాడు. "నూలు చీరలు ముంగటి అరలకు మార్చాలె. మీ నాయినకు ఫోన్ చేసి ఇంకిన్ని కావాలని చెప్పు." రెండు అడుగులు వేసి ఆగాడు. "ఇగో, ఇకపై ఎవళ్లనన్న సిన్మకు తోల్కపోయే ముందల కత ఏందో కనుక్కో."

ఆ కుర్రాడి తల మీద, అంటే నా తల మీద, ఇప్పుడు జుట్టు తక్కువ, రంగు ఎక్కువ. బావ ఇంటిపట్టున ఉంటున్నాడు, క్యాష్ బల్ల వెనక నేనే కూర్చుంటున్నాను. మనుషుల్ని సినిమాకు పంపే డిపార్టుమెంటు ఎత్తేశాం, ఎవరి ఫోన్లో వాళ్లకే సినిమా ఉంది. మొన్న ఆదివారం మా చిన్నది పోరు పెడితే ఎల్బీనగర్‌లోనే ఏదో కొత్త పురుగుల బొమ్మల సినిమాకు తీసుకుపోయాను. ఈసారి తేనెటీగ. ఏసీ ఇప్పటికీ నా కళ్లల్లోనే కొడుతోంది. పట్టు అమ్మడం నేను మానలేదు, అంత గొప్పవాణ్ణి కాను. కానీ పెళ్లికూతురు పట్టుచీర ప్యాక్ చేసే ముందు ఒకసారి కళ్లకద్దుకోవడం అలవాటుగా ఉండిపోయింది. నన్ను చూసి షాపులో అందరూ అట్లాగే చేస్తారు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నిన్న ఒకామె అడిగింది, కొత్తగా చేరిన సేల్స్ అమ్మాయిని. "గట్ల ఎందుకు మొక్కుతరమ్మా?" నేను తల వంచుకుని బిల్లు రాస్తున్నట్టు నటిస్తూ చెవులు రిక్కించాను. ఆ అమ్మాయి ఏమాత్రం తడుముకోకుండా, భక్తిగా చెప్పింది. "ఇది నేతోళ్ల ఆచారమమ్మా. మా సేటు వాళ్ల ముత్తాతల కాలంకెల్లి ఒస్తున్నది."

నేను సరిదిద్దలేదు. అడిగినామె కూడా ఆ చీర అందుకుని, ఎంతో శ్రద్ధగా రెండు కళ్లకూ అద్దుకుంది. ఎక్కడో ఒక లావు ఆకుపచ్చ గొంగళి, లేని భుజాలు ఎగరేసుకుని నవ్వి ఉంటుంది.